నాలుగున్నర అడుగుల గాలి

ముసోర్గ్‌స్కీ పియానో కోసం రాసిన ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’ని మోరిస్ రవెల్ 1922లో ఆర్కెస్ట్రాకి మలిచాడు. దాని తొలి పలుకును ఒకే ఒక్క ట్రంపెట్‌కి అప్పజెప్పాడు. వేదిక నిండా వాద్యకారులుంటారు గానీ ఆ కాసేపూ అందరూ వినేవాళ్లే. స్వరం జారితే కప్పిపుచ్చే దిక్కు లేదు. షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ఆ ప్రధాన ట్రంపెట్ కుర్చీలో 1948 నుంచి 2001 దాకా కూర్చున్నవాడు అడాల్ఫ్ హెర్సెత్. 1950ల మధ్యలో ఆ ఆర్కెస్ట్రా తన ట్రంపెట్ వరస కోసం ఒకే రకం వాద్యాలు కొన్నది: విన్సెంట్ బాక్ తయారుచేసిన ‘స్ట్రాడివేరియస్’ సి ట్రంపెట్లు. అప్పట్లో ఆయన కార్ఖానా న్యూయార్క్ నగరాన్ని ఆనుకుని ఉన్న మౌంట్ వెర్నన్‌లో ఉండేది. ఆ ఊరి పేరు చెక్కిన పాత బాక్ ట్రంపెట్ అమ్మకానికి వచ్చిందంటే ఇవాళ్టికీ వాద్యకారుల చెవులు నిక్కబొడుచుకుంటాయి. (సంగీతకర్త జొహాన్ సెబాస్టియన్ బాక్‌కి ఈయన చుట్టం కాడు. పేరెలా వచ్చిందో ముందు ముందు చెబుతాను.)

అలాంటి వాద్యం గురించి ఇద్దరు ట్రంపెట్ వాళ్లు మాట్లాడుకుంటే మొదటి ప్రశ్న “బోరు ఎంత?” అనే. ఎమ్‌ఎల్ బోరు అంటే రెండో మీట దగ్గర గొట్టం లోపలి వ్యాసం 0.459 అంగుళాలు. ఎల్ అంటే 0.462. రెంటికీ తేడా మిల్లీమీటరులో పదమూడో వంతు, అంటే ఒక తలవెంట్రుక మందం. ఇంతోటి తేడాకి రెండు పేర్లు, రెండు వర్గాలు, ఎడతెగని వాదాలు. ఇందులో కొంత మూఢనమ్మకం ఉందనడంలో నాకు అనుమానం లేదు. కానీ ఏది నమ్మకమో ఏది భౌతికశాస్త్రమో వేరుచేయాలంటే గొట్టం లోపలికి వెళ్లాల్సిందే.

ట్రంపెట్లలో అందరికీ పరిచయమైనది బి-ఫ్లాట్ ట్రంపెట్. దాని మెలికలన్నీ విప్పి సాగదీస్తే మౌత్‌పీసుతో కలిపి సుమారు 140 సెంటీమీటర్లు, అంటే నాలుగున్నర అడుగుల చిల్లర. మోగేది ప్రధానంగా ఆ గొట్టం కాదు, అందులోని గాలి. పెదవులు బిగించి ఊదే చివర ధ్వని లెక్కలో మూసిన చివర కిందికే వస్తుంది. రెండో చివర తెరిచి ఉంటుంది. మూసిన గొట్టం బేసి అనుస్వరాలే ఇస్తుందని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్నాం. 140 సెంటీమీటర్ల సాదా గొట్టానికి లెక్క కడితే అనునాదాలు 61, 184, 306, 429, 551, 674 హెర్ట్జ్ దగ్గర వస్తాయి. నిష్పత్తి 1, 3, 5, 7, 9, 11. వాద్యకారుడికి కావలసినవి ఇవి కావు. 233, 349, 466, 583, 699 కావాలి. ఇవి 116.5కి రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు రెట్లు.

రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 184ని 233కి చేర్చాలంటే 49 హెర్ట్జ్ పైకి ఎత్తాలి. 306ని 349కి చేర్చడానికి 43 చాలు. ఆ తర్వాత 37, 32, 25. అన్నిటినీ ఎత్తాలి, కానీ కిందివాటిని ఎక్కువగా, పైవాటిని తక్కువగా. ఈ పని చేసేది బెల్. అది నిదానంగా వెడల్పవుతూ వచ్చి చివరి జానెడులో ఒక్కసారిగా విచ్చుకుంటుంది. పొడవైన తరంగాలు ఆ విచ్చుకునే చోటికి చాలా ముందే వెనక్కి తిరిగిపోతాయి. పొట్టి తరంగాలు ఇంకా ముందుకు వెళ్లి తిరుగుతాయి. అందువల్ల కింది స్వరాలకి గొట్టం పొట్టిగా ‘కనిపిస్తుంది’, పై స్వరాలకి అంత పొట్టిగా కనిపించదు. మరోవైపు మౌత్‌పీసులోని చిన్న గిన్నె, దాని అడుగున ఉన్న సన్నని రంధ్రం కలిసి పై స్వరాలకి గొట్టం ఇంకాస్త పొడవు పెరిగినట్టు చేస్తాయి. ఇటు బెల్ లాగుతుంది, అటు మౌత్‌పీసు లాగుతుంది. ఆ రెండు లాగుళ్ల మధ్య బేసి వరస కాస్తా 2, 3, 4, 5, 6 అనే వరసలోకి వచ్చి కూర్చుంటుంది. అన్నిటికంటే కింద ఉన్న 61 మాత్రం ఎంత ఎత్తినా 116ని అందుకోలేక మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. దాన్ని శతాబ్దాలుగా అందరూ అలాగే వదిలేశారు.

1500 హెర్ట్జ్ దాటిన ధ్వనిని బెల్ ఇక వెనక్కి పంపదు, నేరుగా బయటికి వదిలేస్తుంది. ట్రంపెట్ ఎవరివైపు తిరిగి ఉంటే వాళ్లకే అంత పదునుగా వినపడటానికి కారణం ఇదే.

ఇలా సర్దుకున్న అనునాదాలు ఒకదానికొకటి ఎలా సాయపడతాయో బోధపరిచినవాడు ఆర్థర్ బెనేడ్, అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త. 1973లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఆయన రాసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ మొదటి పాఠం. పెదవులు 233 దగ్గర కంపిస్తున్నప్పుడు ఆ కంపనంలో 466, 699 కూడా కలిసే ఉంటాయి. గొట్టానికి ఆ రెండు చోట్లా అనునాదాలు సరిగ్గా ఉంటే అవి కూడా పెదవులకి ఆసరా ఇస్తాయి, స్వరం నిలకడగా, నిండుగా వస్తుంది. 466 దగ్గర ఉండాల్సింది 455 దగ్గర ఉందనుకోండి, 233 కూడా మసకబారుతుంది. ట్రంపెట్‌లో ఏ స్వరమూ ఒంటరిగా బాగుండదు, ఒంటరిగా చెడిపోదు.

వెంట్రుక మందం ముఖ్యమయ్యేది ఇక్కడే. నిలకడ తరంగంలో ఒత్తిడి ఎక్కువగా మారే చోట గొట్టాన్ని కాస్త వెడల్పు చేస్తే ఆ స్వరం కిందికి దిగుతుంది. గాలి ఎక్కువగా కదిలే చోట వెడల్పు చేస్తే పైకి ఎక్కుతుంది. చిక్కేమిటంటే ఒక స్వరానికి ఒత్తిడి చోటు అయినది మరో స్వరానికి కదలిక చోటు అవుతుంది. ఒక తప్పు దిద్దబోతే ఇంకొకటి పుట్టుకొస్తుంది. మంచి ట్రంపెట్ అంటే తప్పులు లేనిది కాదు, తప్పుల మధ్య రాజీ బాగా కుదిరినది. ఈ వాద్యం చరిత్రంతా నాకు ఆ రాజీ చరిత్రలాగే కనిపిస్తుంది.

పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ట్రంపెట్ తయారీకి పేరుపడ్డ ఊరు జర్మనీలోని న్యూరెంబర్గ్. అక్కడి పనివాళ్లు చేసిన గొట్టాలు ఏడెనిమిది అడుగుల పొడవు, మీటలు లేవు, రంధ్రాలు లేవు. వాద్యకారుడు చేయగలిగిందల్లా పెదవుల బిగింపు మార్చి ఒక అనుస్వరం నుంచి మరోదానికి దూకడమే. కింద అనుస్వరాల మధ్య దూరాలు ఎక్కువ, పాట కట్టలేం. ఎనిమిదో అనుస్వరం దాటాక అవి దగ్గర దగ్గరగా వస్తాయి, అక్కడ సప్తస్వరాలు దాదాపు దొరుకుతాయి. అందుకే లైప్‌జిగ్‌లో తన ట్రంపెట్ వాద్యకారుడు గాట్‌ఫ్రీడ్ రైఖా కోసం బాక్ రాసిన స్వరాలు అంత ఎత్తున ఉంటాయి. ఏడో అనుస్వరం, పదకొండో అనుస్వరం ఏ స్వరానికీ సరిగ్గా అతకవు. వాటిని పెదవులతోనే వంచి దారికి తెచ్చేవాళ్లు.

కింది స్థాయిలో కూడా పాట పలికించాలని వియన్నాలో ఆంటన్ వైడింగర్ గొట్టానికి రంధ్రాలు పెట్టి, వాటిని మూసే తీసే మీటలు అమర్చాడు. హేడన్ 1796లో అతని కోసమే కచేరీ కృతి రాశాడు. 1800 మార్చి 28న వైడింగర్ దాన్ని జనం ముందు వాయించాడు. అంతకుముందు ట్రంపెట్ పలకలేని స్వరాలు అందులో మొదటి నుంచే వినిపిస్తాయి. అయితే రంధ్రం తెరిచిన క్షణాన ఆ స్వరానికి బెల్ సాయం పోతుంది. ఒక స్వరం మెరుస్తూ, పక్క స్వరం గొంతు పట్టేసినట్టు వస్తుంది. కృతి మిగిలింది, వాద్యం మాయమైంది.

తర్వాతి ఆలోచన రంధ్రం వద్దు, గొట్టం పొడవునే మార్చుదాం అన్నది. హైన్రిక్ ష్టోల్జెల్, ఫ్రీడ్రిక్ బ్లూమెల్ కలిసి 1818లో ప్రష్యాలో వాల్వులకి పేటెంటు తీసుకున్నారు. 1835లో వియన్నాలో యోజెఫ్ రీడల్ తిరిగే వాల్వు తెచ్చాడు. వియన్నా, బెర్లిన్ ఆర్కెస్ట్రాలు ఇప్పటికీ ఆ తరహావే వాడతాయి. 1830ల చివర పారిస్‌లో ఫ్రాన్స్వా పెరినే కిందికి నొక్కే పిస్టన్ వాల్వును తీర్చిదిద్దాడు. మన పెళ్లి ఊరేగింపు బ్యాండు మేళంలో ట్రంపెట్ మీద వేళ్లు ఆడే ఆ మూడు మీటలు పెరినేవే. ఎర్ర కోటు, తలపాగా మధ్య ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాల్సిన అవసరమూ లేదనుకోండి.

వాల్వు నొక్కితే గాలి ఒక అదనపు చుట్టు తిరిగి వస్తుంది. రెండో మీట అర స్వరం దించాలి, మొదటిది పూర్తి స్వరం, మూడోది ఒకటిన్నర. గొట్టం పొడవు 100 పాళ్లనుకుంటే అర స్వరానికి అదనంగా 5.95 పాళ్లు కావాలి, స్వరానికి 12.25, ఒకటిన్నరకి 18.92. ఇప్పుడు మొదటిదీ రెండోదీ కలిపి నొక్కండి: 18.2 వస్తుంది. కావలసింది 18.92. మొదటి మీట నొక్కగానే గొట్టం 112 పాళ్లయింది, దాని మీద అర స్వరానికి 5.95 చాలదు, ఇంకా ఎక్కువ కావాలి. ఒకటి, మూడు కలిపితే 31.17 వస్తుంది, కావలసింది 33.48. మూడూ నొక్కితే 37.12, కావలసింది 41.42. నాలుగు పాళ్లకి పైగా లోటు. గొట్టం చాలని ప్రతిసారీ స్వరం పైకి పోతుంది. ఇది తయారీ లోపం కాదు, కూడికకీ గుణకారానికీ ఉన్న తేడా. స్వరాలు గుణకారంలో నడుస్తాయి, గొట్టాలు కూడికలో పెరుగుతాయి. మూడో వాల్వు చుట్టుకి ఒక ఉంగరం ఉంటుంది, చూశారా? ఎడమచేతి వేలు అందులో పెట్టి ఆ చుట్టును బయటికి జరిపితే ఆ లోటు పూడుతుంది. వాయిస్తూ వాయిస్తూనే జరపాలి.

వాల్వులు వచ్చాక కూడా పంతొమ్మిదో శతాబ్దపు ఆర్కెస్ట్రాలు చాలాకాలం ఎఫ్ ట్రంపెట్‌నే పట్టుకుని ఉన్నాయి. అది దాదాపు ఆరడుగుల పొడవు, నాదం గంభీరం. కానీ గురి తప్పే ప్రమాదం ఎక్కువ. 699 హెర్ట్జ్ స్వరం దానికి ఎనిమిదో అనుస్వరం. పక్కనున్న తొమ్మిదోది ఒక్క స్వరం దూరంలోనే కాచుకుని ఉంటుంది. పొట్టి బి-ఫ్లాట్ మీద అదే స్వరం ఆరో అనుస్వరం, పొరుగువాళ్లు కాస్త దూరంగా ఉంటారు. ఇంకో కారణమూ ఉంది. పెదవుల దగ్గర పుట్టిన తరంగం బెల్ దాకా వెళ్లి తిరిగి రావడానికి బి-ఫ్లాట్‌లో సుమారు 8 మిల్లీసెకన్లు పడుతుంది. పై స్వరాల్లో అయితే ఈ లోపు పెదవులు గొట్టం సాయం లేకుండానే ఏడెనిమిది సార్లు కంపించాలి. ఆ కొద్ది కంపనాల్లో పెదవులు పొరపడితే స్వరం చిట్లుతుంది. గొట్టం పొట్టిదైతే సాయం త్వరగా అందుతుంది.

ఆ తర్కాన్నే పట్టుకుని పారిస్ కన్సర్వేటరీ ఆచార్యుడు మెరీ ఫ్రాంకాఁ ఇంకా పొట్టిదైన సి ట్రంపెట్‌ను ఆర్కెస్ట్రాల్లోకి తెచ్చాడు. ఆయన శిష్యుడు జార్జ్ మజేర్ అమెరికా వెళ్లి బోస్టన్ సింఫనీలో మూడు దశాబ్దాలు ప్రధాన ట్రంపెట్ వాద్యకారుడిగా ఉన్నాడు. ఆయన దగ్గర చదువుకున్నవాడు మన హెర్సెత్. షికాగో కొన్నవి సి ట్రంపెట్లు కావడం వెనుక ఉన్న గురుపరంపర ఇది.

వాద్యాన్ని చేసినవాడి కథ వేరు. విన్సెంట్ బాక్ 1890లో వియన్నా దగ్గరి బాడెన్‌లో పుట్టాడు, అసలు పేరు విన్సెంజ్ ష్రోటెన్‌బాక్. ఇంజినీరింగ్ చదివి, ట్రంపెట్ మీద మోజుతో దేశాలు తిరుగుతూ కచేరీలు చేశాడు. 1914లో యుద్ధం రాగానే అమెరికా చేరి, మొదట బోస్టన్ సింఫనీలో, తర్వాత న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఆపెరాలో వాయించాడు. తనకు నచ్చిన మౌత్‌పీసును ఒక రిపేరువాడు చెడగొట్టాడనీ, దానికి సరిజోడు ఎక్కడా దొరకలేదనీ చెబుతారు. 1918లో కాలితో తొక్కే లేత్ ఒకటి కొని మౌత్‌పీసులు తరిణె పట్టడం మొదలుపెట్టాడు. ట్రంపెట్లు 1924లో వచ్చాయి. తర్వాత కార్ఖానా బ్రాంక్స్‌కీ, 1953లో మౌంట్ వెర్నన్‌కీ మారింది. 1961లో దాన్ని సెల్మర్ కంపెనీకి అమ్మేశాడు. వాళ్లు తయారీని ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌కి తరలించారు. 1976లో ఆయన పోయాడు.

ట్రంపెట్ కంటే ముందు మౌత్‌పీసుతో మొదలుపెట్టడం కాకతాళీయమే కావచ్చు. కానీ ఇందాకటి లెక్క చూసినవాళ్లకి అదే సరైన చోటు అని తెలుస్తుంది. ఆయన ప్రతి మౌత్‌పీసుకీ ఒక అంకె, ఒక అక్షరం ఇచ్చాడు. అంకె గిన్నె వెడల్పుకి, అక్షరం లోతుకి. 7సి గిన్నె వెడల్పు 16.20 మిల్లీమీటర్లు, 1సి 17. అంకె పెరిగితే గిన్నె తగ్గుతుంది. ఎందుకలా పెట్టాడో గానీ కొత్తగా నేర్చుకునేవాళ్లంతా ఒకసారి తికమకపడతారు. రంధ్రం మామూలుగా 3.66 మిల్లీమీటర్లు. ఈ కొలతల పద్ధతి ఎంత స్థిరపడిందంటే పోటీ కంపెనీలు కూడా తమ మౌత్‌పీసులని “బాక్ లెక్కలో ఇంత” అని చెప్పుకోవాల్సి వచ్చింది.

అంతకంటే సూక్ష్మమైనది మౌత్‌పీసు తర్వాతి జానెడు గొట్టం, లీడ్‌పైపు. ఇది తొమ్మిది మిల్లీమీటర్లకి కాస్త తక్కువ వ్యాసంతో మొదలై మెల్లగా విస్తరించి బోరును చేరుకుంటుంది. ఒత్తిడి తీవ్రంగా ఉండే ఈ చోట చిన్న మార్పు కూడా స్వరాల్ని కదిలిస్తుంది. పాత ట్రంపెట్లలో ముందుగా పాడయ్యేదీ ఇదే. ఊపిరి తడికి ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది, లోపలి నుంచి ఎర్రటి మచ్చలు పైకి తేలతాయి. కొత్త లీడ్‌పైపు వేస్తే వాద్యం బతుకుతుంది, కానీ అది ఇక ఆ పాత వాద్యమేనా అంటే సమాధానం చెప్పడం కష్టం.

బెల్ తయారీ చూడముచ్చటైన పని. ఇత్తడి రేకును కత్తిరించి, మడిచి, అంచులకి టంకం పెట్టి, ఉక్కు అచ్చు మీద సుత్తితో సాగగొడతారు. కొట్టేకొద్దీ ఇత్తడి బిగుసుకుపోతుంది, కాల్చి మెత్తబరచి మళ్లీ కొడతారు. చివరికి మందం అర మిల్లీమీటరు దగ్గరికి వస్తుంది. మామూలు ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30. బంగారు ఛాయ రావాలంటే రాగి 85 పాళ్లు. వాద్యకారులు ఈ లోహం వల్లే నాదం ‘చీకటిగా’నో ‘వెలుతురుగా’నో ఉంటుందని గట్టిగా చెబుతారు.

ఉంటుందా? ఇంగ్లండులో రిచర్డ్ స్మిత్ 1980ల్లో కళ్లు కనపడకుండా పరీక్ష పెట్టాడు. లోపలి ఆకారం ఒకటే, రేకు మందం మాత్రం వేర్వేరు. అలాంటి ట్రాంబోన్ బెల్‌లను వృత్తి వాద్యకారులకిచ్చి వాయించమన్నాడు. ఏది పలచనిదో, ఏది మందమో వాళ్లు గుర్తుపట్టలేకపోయారు. దాంతో కథ ముగిసిందనుకున్నారు. 2005లో ఫ్లారిడాలోని రోలిన్స్ కాలేజీలో థామస్ మూర్ బృందం ట్రంపెట్ బెల్ కదలకుండా అదిమిపెట్టి, వదిలిపెట్టి, రెండు విధాలా ధ్వని కొలిచింది. తేడా చిన్నదే, కానీ పరికరాలకి చిక్కింది. రెండు ఫలితాలూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: రేకు కంపనం ఉన్నది నిజమే, దాని ప్రభావం గొట్టం ఆకారపు ప్రభావం ముందు చాలా చిన్నది. లోహానికి దక్కుతున్న కీర్తిలో ఎక్కువ భాగం లోపలి కొలతలది.

మరి మౌంట్ వెర్నన్ పేరులో మహిమ? చేత్తో చేసిన వాద్యాలు కాబట్టి ఒకదానికీ ఇంకోదానికీ తేడాలుంటాయి. రాజీ బాగా కుదిరినవాటిని జాగ్రత్తగా దాచుకున్నారు, కుదరనివి పాఠశాల బ్యాండుల్లో నలిగి తుక్కు కింద పోయి ఉంటాయి. అరవై, డెబ్బై ఏళ్ల జల్లెడ పట్టాక మిగిలినవాటిని చూసి అప్పుడన్నీ ఇలాగే చేసేవాళ్లు అనుకోవడం సరికాదు. ఇవాళ వియన్నాలో అనునాదాలని కంప్యూటరు తెర మీద గీసి చూపించే పరికరం ఉంది. పాత లీడ్‌పైపు లోపలి కొలతలని వెంట్రుక మందం దాకా తీసి నకలు చేయడమూ కష్టం కాదు. అయినా పాత వాద్యాల గిరాకీ తగ్గలేదు.

పాతదైనా కొత్తదైనా సి ట్రంపెట్‌లో ఒక తప్పు మాత్రం వీడలేదు. ఐదో అనుస్వరం, అంటే పై స్థాయి ఇ స్వరం, కాస్త కిందికే పలుకుతుంది. తంబురా షడ్జం తీగలో ఎవరూ మీటకుండానే వినపడే స్వయంభూ గాంధారం ఇదే. కర్ణాటక సంగీతం వినే చెవికి అది స్వచ్ఛమైన అంతర గాంధారం. కానీ పియానో తరహా సమాన విభజన లెక్కలో అది నూరు సెంట్ల అర స్వరంలో 14 సెంట్లు తక్కువ. పొట్టి సి ట్రంపెట్‌లో బెల్, లీడ్‌పైపుల రాజీలో అది ఇంకాస్త దిగజారుతుంది. అందుకే చాలామంది ఆర్కెస్ట్రా వాద్యకారులు ఆ స్వరాన్ని మీటలేవీ నొక్కకుండా వాయించరు. దానికి పైనున్న ఆరో అనుస్వరాన్ని, జి స్వరాన్ని పట్టుకుని, మొదటిదీ రెండోదీ కలిపి నొక్కి ఒకటిన్నర స్వరం కిందికి దించుతారు. ఆ రెండు మీటలూ కలిస్తే గొట్టం 18.92కి బదులు 18.2 పాళ్లే పెరుగుతుందని చూశాం కదా. ఆ లోటు వల్ల స్వరం కొద్దిగా పైకి వస్తుంది.